కాళియమ్మ డిష్‌కు కట్టిన అరటి పిలక

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా డైరెక్టరు సునయన గారికి, వేదిక మీది పెద్దలకు, ఇన్నేళ్లూ నాతో కలిసి చెన్నై గాలిలో తరంగాలు కొలిచిన మిత్రులకు, మైకు చేతికిస్తే ఈమె ఒక పట్టాన వదలదని తెలిసీ ముందు వరుసలో కూర్చున్న మావారు ఫణీంద్ర గారికి నమస్కారాలు. (నవ్వులు)

మీ వసంతలక్ష్మి ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే ఈయన ‘గాలిలో పోలీసు’ అని చెప్పి తప్పించుకునేవారు. మేం పోలీసులం కాదండీ, ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడకుండా చూసేవాళ్లం. ఉపగ్రహాల నుంచి టీవీ చానెళ్లు దిగే సి-బ్యాండు ఉందే, అది మన ఊరికి పెద్ద వరం. కార్తీక మాసపు వానకు ఇళ్ల మీది చిన్న డిష్‌లు చేతులెత్తేసినా, కేబుల్ వాళ్ల పెద్ద డిష్‌లో బొమ్మ నిలబడుతుంది. కానీ అంత దూరం నుంచి వచ్చేసరికి ఆ సిగ్నల్ నీరసించి ఉంటుంది. దీపావళి ముందు టి. నగర్ రద్దీలో నిలబడి ఫోన్‌లో అమ్మ మాట వినబోతే ఎలా ఉంటుందో, అలా. ఇప్పుడు ఆ బ్యాండు కిందనే ఫైవ్‌జీ ఫోన్లకు చోటిచ్చారు, రెంటికీ మధ్య కాస్త ఖాళీ వదిలారు. డిష్‌ను నమోదు చేయించుకున్నవాళ్లు బొమ్మ చెడిందని ఫిర్యాదు చేస్తే మేం పోయి కొలవాలి, తప్పు ఫోన్ టవర్‌ది అయితే దాన్ని ఆపించాలి.

కోడంబాక్కంలో కేబుల్ నడిపే కాళియమ్మ గారు అలా ఫిర్యాదు చేశారు. లేవకండి కాళియమ్మ గారూ, మీ గురించే చెబుతున్నాను. టవర్ ఉన్నది పక్క మేడ మీద, ఆ మేడ ఆమె సొంత తమ్ముడు మాదయ్య గారిది. టవర్ వచ్చిన కొత్తలో బొమ్మ చెడితే మేం పోయి డిష్‌కు ఫోన్ తరంగాలను అడ్డుకునే ఫిల్టర్ పెట్టించాం, బొమ్మ బాగుపడింది. కానీ ఈలోగా అక్కాతమ్ముళ్లు అనరానివి అనుకున్నారు, రెండు మేడల మధ్య రాకపోకలు ఆగిపోయాయి. పోయిన ఏడాది ఆయుధపూజ మర్నాడు బొమ్మ మళ్లీ గళ్లు గళ్లుగా విరగడం మొదలైంది. ఈసారి టవర్ ఆపిస్తేగానీ ఊరుకోనని ఆమె పట్టు పట్టారు. ఆపిస్తే తమ్ముడికి అద్దె పోతుంది, ఆపకపోతే అక్క చందాదారులు పోతారు. ఏది రాసినా ఆ ఇద్దరూ ఇక ఒకరి గడప ఒకరు తొక్కరని నాకు తెలుసు. నిజం చెబుతున్నాను, ఈ ఫిర్యాదు ఇంకెవరికైనా అప్పగిద్దామా అనుకుంటూనే ఆ మెట్లు ఎక్కాను.

యంత్రం పెట్టి కొలిచాం. టవర్ తన హద్దులో బుద్ధిగా ఉంది, ఫిల్టర్ బాగుంది. తలెత్తి చూద్దును కదా, డిష్ కాలికి నిలువెత్తు అరటి పిలక, ఇక్కడ ఆయుధపూజకు బళ్లకూ యంత్రాలకూ కడతారే, అలా పసుపూ కుంకుమా పెట్టి కట్టి ఉంది. గాలి వీచినప్పుడల్లా దాని ఆకు డిష్ నడిమధ్య, సిగ్నల్ పట్టే మూతి మీద వాలుతోంది. అంత నీరున్న ఆకు అడ్డం పడితే పాపం ఉపగ్రహం మాత్రం ఏం చేస్తుంది? (నవ్వులు)

మోకాళ్ల నొప్పితో ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చిన కాళియమ్మ గారు దాన్ని చూసి, “నేను కట్టలేదుమా, ఈ ఏడు ఎవురూ కట్టలేదు” అన్నారు.

పిట్టగోడకు అవతల బట్టలు ఆరేస్తున్నట్టు నటిస్తున్న మాదయ్య గారు అప్పుడు ఇటు తిరిగారు. “ఏటేటా కట్టేది నేనే గదా, ఈసారి గోడ దాటొచ్చి కట్టినా. మాటల్లేవని పూజ మానేస్తానా?” అన్నారు, అక్కతో కాదు, నాతో.

నేను కత్తి అడిగాను.  ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, “ఆ ఆకొకటి కోసేయండిమా. చెట్టు ఆడే ఉండనీండి” అన్నారు.



 ఆ ఫిర్యాదు మూసేస్తూ ‘స్థానిక అవరోధం, ఉభయుల సమ్మతితో తొలగించబడినది’ అని రాశాను. సునయన గారు ఆ ఉభయులెవరని అడక్కుండా సంతకం పెట్టారు, అందుకు ఈరోజు అందరి ముందూ ఆమెకు కృతజ్ఞతలు. (నవ్వులు)

రేపటి నుంచి నేను కొలవాల్సిందేమీ లేదు. దిగులుగా ఉందా అని పొద్దున ఈయన అడిగారు. లేదు, తృప్తిగా ఉంది. రెండు బ్యాండ్ల మధ్య ఎంత ఖాళీ ఉండాలో మా వాళ్లు చూసుకుంటారు. కాళియమ్మ గారూ, మాదయ్య గారూ ఒకే ఆటోలో వచ్చి వెనక వరుసలో పక్కపక్కన కూర్చున్నారు. ఈ హాలు గుమ్మానికి అరటి పిలకలు కట్టింది మాదయ్య గారే. పైన డిష్ ఏమన్నా ఉందేమో ముందు చూసి రమ్మని అక్కగారు పంపితే, చూసి వచ్చాకే కట్టారట. (నవ్వులు, చప్పట్లు)

నన్ను భరించిన ఆఫీసుకూ, ఇకపై పొద్దంతా భరించబోయే మావారికీ, ఓపిగ్గా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆ ఆకులను కాస్త పక్కకు జరుపుకుని వెళ్లండి, కోయకండి. సెలవు.