బొమ్మ మీద కూడా అబద్ధం

హలో… ఆ, నేనే… అవును సార్, ఇందాక హాల్లో తెరమీద కనిపించింది నేనే. మీ పాత పీజీ స్టూడెంట్‌ని. జుట్టు నెరిసింది, అంతే.

…

ఎక్కడున్నారు, వరండాలోనా? హోరుగా ఉంది… పర్లేదు, చెప్పండి. అందరూ టీ తాగి కూర్చున్నాకే కదా మీరు చేసిన కేసు వీడియో వేసి మాట్లాడుకునేది.

…

ఇరికించానా? నేనా?

ఒప్పందం మీద సంతకం పెట్టింది మీరు. బొమ్మ రోగి మీద చేసే కేసులు మీకు మేం రాయాలి, మాకు మీరు రాయాలి. బొమ్మ దగ్గరికి వెళ్ళేవాళ్ళకి కేసులో ఏముందో తెలియకూడదు. రెండు దేశాల పిల్లలూ ఇలా నేర్చుకోవాలని ఇందాక మైకులో ఊదరగొట్టారు కూడా… రాసింది నేనని చెప్పలేదు, నిజమే. కాగితం మీద మా కాలేజీ పేరే ఉంటుంది.

…

ఏం పెట్టాను సార్ అందులో? మత్తిచ్చాక ఊపిరి అందని రోగి. గొంతు కాస్త వాచినట్టు పెట్టాను. అంతకంటే ఏమీ లేదు. ఇక్కడ మేం ఆ బొమ్మని బావగారంటాం. ఎన్నిసార్లు చంపినా పల్లెత్తు మాట అనడు కనక. మా రెండో ఏడాది పిల్లలు కూడా బతికించారు బావగార్ని.

మీరేమో ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిన గొట్టం కడుపులోకి దించారు.

…

తెలుసు, ఎవరికైనా జరుగుతుంది. నాకూ జరిగింది. దానికి నేనేం అనను. పక్కన నిలబడ్డ అమ్మాయి చెప్పింది కదా… చెప్పింది సార్, నేను విన్నాను. "సార్, ఛాతీ లేవట్లేదు, కడుపు ఉబ్బుతోంది" అంది. మీరేమన్నారు?

…

"నోరు మూసుకుని చెప్పింది చెయ్యి." ఆ రోజు ఆపరేషను గదిలో నాతో అన్న మాటే. ఒక్క అక్షరం తేడా లేదు. ఇన్నేళ్ళలో కొత్త మాట దొరకలేదా మీకు?

…

ఆగండి, నన్ను పూర్తి చెయ్యనివ్వండి. బావగారు పోయాక చుట్టూ చూసి, "ఈ అమ్మాయి మందు ఎక్కువిచ్చింది" అన్నారు. అది ప్లాస్టిక్ బొమ్మ సార్. దానికి పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, పోలీసు కేసు లేదు. బొమ్మ పోయినా అబద్ధమేనా?

…

అలవాటా. సరే.

…

అవును, కక్షే. కాదని నేనెప్పుడన్నాను? మీ పేరు చూసే ఈ పని నాకివ్వమని అడిగి తీసుకున్నాను. మీరు ఏదో ఒక రోజు పిల్లల ముందు గొప్పగా చేసి చూపిద్దామని లోపలికి వెళ్తారని తెలుసు. ఆ రోజు కోసం కాచుక్కూచున్నాను. సిగ్గేమీ లేదు చెప్పడానికి.

…

వద్దు. మీ కాలేజీకి గెస్టుగా రాను, పదవీ వద్దు. నన్ను కొనకండి.

ఆ పంతులమ్మ గుర్తుందా? పిత్తాశయం ఆపరేషనుకి వచ్చింది. చిన్న ఆపరేషను. మర్నాడు ఇంటికెళ్ళాల్సిన మనిషి. మత్తిచ్చేముందు నా చెయ్యి పట్టుకుని, "నువ్విక్కడే ఉంటావుగా అమ్మా" అంది… నేను ఉన్నాను సార్. ఉండి ఏం చేశాను.

…

ఆవిడ పోయింది నేను మందు ఎక్కువివ్వడం వల్లేనని తేల్చారు. నా సీటు పోయింది. పోతే పోయింది, ఇంకో దేశంలో మొదట్నుంచీ చదువుకున్నాను. మా నాన్న సంగతి చెప్పనా? పోయేముందు రోజు కూడా అడిగాడు. "నిజంగా నువ్వు ఎక్కువివ్వలేదు కదమ్మా ఆ మందు?" అని. ఇవ్వలేదు నాన్నా అంటే తలూపాడు. నమ్మిన మనిషి అలా తలూపడు సార్. నాకు తెలుసు. దానికి మాత్రం మిమ్మల్ని క్షమించలేను.

…

వీడియోలో మీరు గొట్టం వేసిన ముక్క తీసెయ్యాలా?

…

తీసేస్తాను.

…

నిజంగానే. కానీ నాకొక్కటి చెప్పండి. ఆ రోజు ఏం జరిగిందో మీ నోటితో వినాలి. ఒక్కసారి విని వదిలేస్తాను… నా గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను సార్. తలుపు వేసుంది.

…

గొట్టం ఎక్కడికి పోయింది?

…

కొంచెం గట్టిగా. ఆ గాలి హోరుకి సరిగ్గా వినపడట్లేదు… ఊఁ, కడుపులోకి. నేను చెప్పానా లేదా?… చెప్పాను. ఎన్నిసార్లు?… మరి మందు?

…

సరిగ్గానే ఇచ్చాను. విచారణలో ఎక్కువిచ్చానని ఎవరు చెప్పారు?

…

"నేను" అని కాదు. మొత్తం చెప్పండి. ఎవరు, ఎవరి గురించి, ఏమని.

…

…

ఊఁ.

…

లేదు, ఏడవట్లేదు. వింటున్నాను.

…

మాటంటే మాటే సార్. ఆ ముక్క తీసేస్తాను, ఎవరికీ చూపించను. ఇక దాంతో పనిలేదు.

…

పనిలేదంటే… మీ కోటు కాలరు ఒకసారి చూసుకోండి.

…

మైకే. అందులో మాట హాలంతా వినిపిస్తుంది. బొమ్మ గదిలోకి వెళ్ళేముందు తగిలిస్తారు. బయటికి రాగానే తీసి బల్లమీద పెట్టాలి. పిల్లలకి మొదటి రోజు మీరు చెప్పే పాఠమే కదా.

…

నేను ఆన్ చెయ్యలేదు. మీరు తియ్యలేదు… ఆ, ఆపే మీట నా చేతికిందే ఉంది. ఆపలేదు.

…

హాలంతా కనిపిస్తోంది సార్, ఇక్కడ నా తెరమీద. మీ డీన్ కప్పు కింద పెట్టేశారు. మా వాళ్ళకి దుబాసీ ఇంకా చెప్తూనే ఉన్నాడు, అతనికి కాస్త ఆలస్యమవుతుంది. మీరు మందు ఎక్కువిచ్చిందన్న అమ్మాయి లేచి నిలబడింది. తలుపు వైపే చూస్తోంది.

…

ఇప్పుడు తీసి ఏం లాభం… లోపలికి రండి. ఎవరూ ఏమీ అనరు. ఎవరిది తప్పని అడగకూడదు, మన పద్ధతి అదే. ఏం జరిగిందని మాత్రమే అడుగుతాం.

…

సార్… సార్?

…

హలో…

పెట్టేశాడు.