ఒక్క పూటలో తగ్గిన నొప్పి

అత్తగారి భుజం నొప్పికి కోడలే మందు పట్టీ తయారుచేసింది. ఆమె పరిశోధనంతా ఆ పట్టీ మీదే. శుక్రవారం సాయంత్రం ల్యాబు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

“నిజం చెప్పండత్తయ్యా. సోమవారం పొద్దున ల్యాబులో పట్టీ అంటించాను. సాయంత్రానికల్లా నొప్పి మాయమైపోయిందన్నారు. నిజంగా పోయిందా?”

“పోయిందనే రాసుకున్నావుగా. మళ్ళీ ఎందుకు తవ్వడం?”

“పోయిందా, లేదా?”

“చూడు, నొప్పన్నాక...”

“అత్తయ్యా!”

“లేదే తల్లీ, లేదు. ఆ రాత్రంతా భుజంలో కుంపటి పెట్టినట్టే ఉంది. చెయ్యి పైకి లేస్తే ఒట్టు.”

“మరి తగ్గిందని ఎందుకన్నారు?”

“నీ పరువు కోసం! మూడేళ్ళుగా ఆ పట్టీలో జెల్లుతో కుస్తీ పడుతున్నావు. సొంత అత్తే తగ్గలేదంటే నలుగురూ ఏమనుకుంటారు?”

“నా కొంప ముంచారు. అది వెంటనే తగ్గకూడదు!”

“ఇదెక్కడి మందే! తగ్గకూడదట!”

“వెంటనే తగ్గకూడదన్నాను. మామూలు జెల్లు ఉన్న మందంతా ఒకేసారి కక్కేస్తుంది. అందుకే నేను గ్రాఫీన్ కలిపాను. పెన్సిల్ ముల్లులో నలుపుంటుందే, దాన్ని పొరలు పొరలుగా విడదీస్తే వచ్చేది. అది జెల్లుని గట్టిపరిచి, మందుని పట్టుకుని, వారం పొడుగునా కొంచెం కొంచెం వదులుతుంది.”

“అచ్చం మీ మావయ్య మాటల్లాగ. అడగ్గా అడగ్గా రోజుకో ముక్క.”

“నవ్వకండత్తయ్యా. మీరొక్కరే అలా అంటే ఎలాగో సర్దుకుందును. పట్టీ వేయించుకున్న అందరిదీ అదే మాట! అంటే మందంతా మొదటిరోజే కారిపోయినట్టేనట. మూడేళ్ళ పని చెత్తబుట్టలో పడేసి ఇంకోటి వెతుక్కోమన్నాడు మా గైడు, అందరి ముందూ. అసలు అంతమందీ ఒకేలా ఎలా అన్నారో!”

“పాలు పొంగుతున్నట్టున్నాయి.”

“పొయ్యి మీద పాలే లేవు. ఏం చేశారు?”

“నేనేం చేశానే! ఆ రోజు పట్టీ కోసం వచ్చినవాళ్ళం మీ ల్యాబు బయట బెంచీ మీద పక్కపక్కనే కూచున్నాం, మాటల్లో పడ్డాం. మా కోడలు పాపం, అడిగితే తగ్గిందనండి, మీ సొమ్మేం పోయింది అన్నాను. అంతే.”

“అందరితోనా?”

“వాళ్ళలో ఓ టైలరున్నాడే, మరీ మంచివాడు. అంటించకముందే తగ్గిందన్నాడు.”

“అయిపోయింది. నా పని అయిపోయింది. ఇక నిజంగా తగ్గిందని ఎవరు చెప్పినా ఆయన నమ్మడు. నేనూ నమ్మను.”

“ఏడవకే. నా నోరు పడిపోను, మేలు చేద్దామనే అన్నాను. కూచో, వేడిగా టీ పెడతాను. ఈ పంచదార డబ్బా ఎవరెక్కించారో ఆ పై అరలోకి... ఆఁ, అందింది.”

“అత్తయ్యా, కదలకండి! ఆ చెయ్యి దించకండి!”

“ఏమిటే, బల్లి ఉందా?”

“బల్లీ లేదు, పాడూ లేదు. అది మీ నొప్పి చెయ్యి!”