రంపానికి అవతలి పిడి

ఏమన్నావే, జత అన్నావా? నిన్న మీ అమ్మ "ఎవరే వాడు నీకు?" అని నిలదీస్తే చటుక్కున "నా జత" అన్నావు చూడు, అప్పట్నుంచీ అది గదిలోంచి బయటికి రాలేదు. రేపు అతనొస్తే తలుపు తియ్యనంటోంది. వినపడుతుందిలే, విననీ. ఆ మాట మనింటికి తెచ్చింది మా అమ్మే, మీ అమ్మకి అమ్మమ్మ. పుస్తకాల్లో ఏం రాశారో నాకు తెలీదు. కట్టెల అడితిలో మాత్రం, పెద్ద రంపానికి అవతలి పిడి పట్టేవాడే జత. మా నాన్నకి బాబాయ్ జత. సొంత బాబాయేం కాదు, నేనలా పిలిచేదాన్ని. ఎడం చెవి సగమే ఉండేది. ఏమైందంటే రోజుకో కథ చెప్పేవాడు. ఎక్కడున్నాను? ఆఁ, నాన్న జ్వరంతో పోయాడు. నెల తిరక్కుండానే మా అమ్మ కొంగు బిగించి వెళ్ళి ఆ ఖాళీ పిడి పట్టుకుంది. యజమాని నవ్వాట్ట, "ఎంతసేపు నెడతావమ్మా?" అని. బాబాయ్ అన్నాట్ట, "నెట్టేవాళ్ళు నాకొద్దండీ. నెడితే రంపం వంగిపోతుంది. తన వంతుకి లాగాలి, నా వంతుకి వదలాలి. ఆవిడకి మొదటి దుంగతోనే పట్టుబడింది."

ఇక చూడు, వీధి నోళ్ళు! చెమటలో పుట్టిన మాట కుళాయి దగ్గరికొచ్చేసరికి వంకర తిరిగింది. "మీ అమ్మ జతొచ్చాడే" అని మూతులు తిప్పేవారు. నేను ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి, "ఆయన నీకేమవుతాడో చెప్పు, లేకపోతే బడికెళ్ళను" అని భీష్మించాను. తల్లో రంపప్పొట్టు దులుపుకుంటూ అమ్మ "జత" అంది. తలైనా ఎత్తలేదు. మర్నాడు కుళాయి దగ్గర వాళ్ళతో నేనే అన్నాను, "అవును, జతే. అయితే ఏంటట?" అని. తర్వాత్తర్వాత ఆయన మాతోనే ఉండిపోయాడు. పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు. అమ్మ పోయాక అడితిలో ఆయనకి అవతలి పిడి పట్టడానికి ఓ దుక్కలాంటి మనిషిని ఇచ్చారు. రెండుసార్లు లాగి చూసి, బాబాయ్ లేచి నిలబడ్డాడు. "బలవంతుడే. నెడుతున్నాడు" అని రంపం గోడకి తగిలించేశాడు. మళ్ళీ దించలేదు.

సర్లే. వానకి మన వీధి తలుపు ఉబ్బి బిగుసుకుపోయింది. బయట్నుంచి నెట్టొద్దని అతనితో చెప్పు. లోపల్నుంచి ఎవరో ఒకరు లాగుతారు. నా చేతుల్లో బలమెక్కడిదీ... ఆఁ? ఏంటే? ఇదిగో, మీ అమ్మ. ఎన్నింటికొస్తాడని అడుగుతోంది. నాకు కాదే, దానికి చెప్పు.