ఇంటిపేరు మారిన లెక్క

శ్రీకాకుళం కాంప్లెక్సులో పొందూరు బస్సు ఇంకా కదలలేదు. మా ముందు సీట్లో మాలాగే కొత్త జంట. ఆమె పాదాలకు పారాణి పూర్తిగా వదల్లేదు, ఒడిలో మాత్రం కాలేజీ సంచి ఉంది.

“రేపట్నుంచి కాలేజీకి ఎల్లను బావా.”

“ఏటయ్యిందే? డిగ్రీలో సైన్సే సదువుతానని పెళ్ళిసూపుల్లోనే షరతు పెట్టినావు కదా!”

“సైన్సంటే నాకేటీ బెంగ లేదు. మధ్యలో లెక్కలొచ్చి కూకున్నాయి. పదో తరగతి అయినాక వాటి మొహమే సూడలేదు, ఏడేళ్ళయిపోయినాది. ఇయ్యాల కెమిస్ట్రీ సారు లాగ్ అన్నారు. పక్కనున్న పిల్లలంతా టకటకా రాసేస్తన్నారు, నాకొక్క ముక్క తెలిస్తే ఒట్టు.”

“లాగడమా? ఏటి, తాడా?”

“నవ్వకు బావా, ఏడుపొస్తన్నాది.”

“సరే, సారు ఏటి సెప్పినారో సెప్పు. ఇద్దరం కలిసి బుర్ర గోక్కుందాం.”

“లాగ్ తీసుకుంటే గుణకారం కాస్తా కూడికైపోతాదంట, భాగహారం తీసివేతైపోతా... ఆగు బావా!”

“ఏటి?”

“ఇది సంవర్గమానం! మా బళ్ళో తెలుగులో నేర్సుకున్నాను. నిద్దట్లో లేపి అడిగినా సెప్పేదాన్ని.”

“మరి గుర్తుపట్టలేదేటి?”

“పేరు మారిపోతే ఎలాగ గుర్తుపడతాను?”

“నీకూ మొన్ననే ఇంటిపేరు మారినాది కదే. మీ అమ్మ నిన్ను గుర్తుపట్టలేదేటి?”

ఆమె పకపకా నవ్వింది. బస్సు కదిలింది.

“బావా, రేపు తొలి బస్సుకే లేపు. ఆ కెమిస్ట్రీ పుస్తకంలో ఇంకా ఎవరెవరు పేర్లు మార్సుకుని కూకున్నారో సూడాల.”