పిల్లి ముక్కు మీద తీర్పు

వీరాయమ్మని ఉందంట, ఆవిడ చెయ్యి ఎప్పుడూ పిల్లి ముక్కు మీదే ఉండేదంట. ఎందుకో చెప్తా ఉండండి. ఆవిడ పాల మీద మీగడంతా తీసి ఉట్టిలో కుండకి ఎత్తేది, వారానికోసారి చిలికేది. అయితే ఏమైందంటే, కోడలు తాయారు కాపరానికొస్తా పుట్టింటి నించి బూడిదరంగు పిల్లినొకదాన్ని చంకనేసుకొచ్చింది. అది వచ్చిన నెల నించీ కుండలో మీగడ తరిగిపోతంది. ఆవిడ మధ్యాన్నం కునుకు తీసి లేవటం, కుండ చూట్టం, పిల్లిని పట్టుకుని ముక్కు తడమటం. తడి! ఇంకేముంది, దొంగ దొరికిందంట. రోజూ అదే తంతు, రోజూ అదే తడి అనుకోండి.

ఆవిడ మొగుడు బుల్లియ్య ఊళ్ళో పెద్దమనిషి, తగువులు తీర్చేవాడు. ఆయన మీసం దువ్వుకుని, ముక్కే సాక్ష్యం చెప్తంటే ఇంకా విచారణేంటే, రేపు సాయంత్రం నా బండిలో వేసుకెళ్ళి ఏరవతల వదిలేసొస్తాను అన్నాడంట. చూలుతో ఉన్న పిల్లి అండీ అది, నేడో రేపో ఈనేట్టుంది. తాయారుకి అన్నం దిగలా. అత్తా, మా అమ్మోళ్ళింట్లో ఏడు పిల్లుల్ని చూశాను, ఒళ్ళు బాగున్న పిల్లికి ముక్కు చల్లగా చెమ్మగానే ఉంటది, అది కారితే జబ్బు, తుమ్ముద్ది, కళ్ళు పుసులు కడతాయి, తిండి ముట్టదు, చెమ్మ వేరు కారటం వేరు అని మొత్తుకుందంట. వింటేగా. పెద్ద వైద్యురాలు బయల్దేరింది, మొగుడికి జొరమొస్తే కషాయం కాచటం రాదుగానీ అని ఆవిడ మూతి తిప్పుకుంది.

సరే, మర్నాడు మధ్యాన్నం అత్త కునుకు పట్టగానే ఈ పిల్ల ఏం చేసిందంటారు? గుప్పెడు మిరియాలు మెత్తగా నూరి, కుండ మూతికి లోపలంచు చుట్టూ దట్టంగా పూసింది. పూసి, ఏమీ ఎరగనట్టు పెరట్లో అంట్లు తోముకుంటా కూచుంది.

కాసేపటికి నట్టింట్లో తుమ్మంట. ఒకటి కాదు, పది, పదిహేను. వీరాయమ్మ ఉలిక్కిపడి లేచి, అలవాటు చొప్పున ముందు పిల్లిని పట్టుకుంది. అది గాదె కింద హాయిగా పడుకునుంది. ముక్కు తడిమితే చల్లగా, చెమ్మగా, శుభ్రంగా ఉంది. తుమ్మూ లేదు, చీమిడీ లేదు. మరి తుమ్మేదెవరని తలెత్తితే, ఉట్టి కింద ఎత్తుపీట మీద పెద్దమనిషి! కళ్ళెర్రగా, ముక్కు ధార కట్టి మీసం మీదికి కారతంది. ఆ మీసానికి మీగడ కూడానూ.

వీరాయమ్మ పీట దిగమని సైగ చేసి, దగ్గరికెళ్ళి, రెండు వేళ్ళతో ఆయన ముక్కు పట్టుకుంది.

"తాయారూ, ఇటు రావే. ఇది చెమ్మా, కారటమా?"

"కారటమే అత్తా."

"అయితే జబ్బే. జబ్బుంటే తిండి ముట్టరన్నావుగా. మీ మావకి మూడ్రోజులు గంజి తప్ప ఏదీ పెట్టమాక."

ఆయన ఏదో అనబోయాడుగానీ ఇంకో తుమ్మొచ్చింది. బండి కట్టలేదు, పిల్లి ఏరు దాటలేదు. ఆ వారమే గాదె కింద నాలుగు పిల్లల్ని పెట్టిందంట.

ఇక ఆ పిల్లి నిజంగా మీగడ ముట్టలేదా అంటారేమో. ఆ మధ్యాన్నం ముట్టదని తాయారుకి అంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో ఆలోచించండి. మిరియాలు పూసే ముందే దానికి గిన్నెడు మీగడ పెట్టి కడుపు నింపింది. ఏ కుండలోదంటారా, ఇంట్లో ఉన్నది ఒక్కటే కుండ. ఇది మాత్రం వీరాయమ్మకి ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పను. నేనూ ఒకింటి కోడల్నే.