గవ్వ గుర్తు

సాయంత్రం బడి వదిలాక, ఖాళీ తరగతి గదిలో, టీచరు ఎంతో మురిపెంగా ఓ అట్ట తెచ్చి చూపులేని తన శిష్యురాలి ముందు పెట్టింది.

"గోడ మీద రంగుల పటం మిగతా పిల్లలకి. చిక్కుడు గింజలంటించిన ఈ అట్ట నీకు. తడిమి చదువుకో."

"ఏం లెక్క టీచర్ ఇది?"

"ఆటల్లో ఎవరితో జట్టు కడతారని అందర్నీ అడిగాం కదా? ఒక్కో ఓటుకి ఒక్కో గింజ. కింద ఎవరి గుర్తు వాళ్లది."

"ఈ బొత్తాం మా లీడర్‌ది. అమ్మో, గింజల వరస అట్ట చివరిదాకా పోయింది!"

"చూశావా, ఎంత సులువో!"

"ఇది గవ్వ. నా గుర్తు."

ఆ వేళ్లు గవ్వ మీంచి పైకి పాకి ఆగిపోయాయి. అట్ట తయారుచేస్తున్నంతసేపూ అది వేళ్లకి అందుతుందా లేదా అన్న ధ్యాసే తప్ప, అది ఏం చెబుతుందన్నది టీచరుకి తట్టనేలేదు.

"గింజలు ఊడిపోయాయేమోనమ్మా."

"ఊడితే జిగురు గరుగ్గా తగలాలి కదా టీచర్. ఇక్కడంతా నున్నగా ఉంది."

టీచరు అట్టని మెల్లగా తనవైపు లాక్కోబోయింది.

"పొద్దున ఆ గోడ మీది పటం దగ్గర అందరూ కిసుక్కున నవ్వారు టీచర్. ఏమిటని అడిగితే, నీకు కనపడదులే అన్నారు."