అచ్చియ్యమ్మ భుజానేసుకెళ్లిన వెదురు

అచ్చియ్యమ్మని ఒకావిడుండేది, గోదారొడ్డున మేదరోళ్ల వీధిలో. మొగుడు పోయాక తడికలల్లి ఇద్దరాడపిల్లల్ని సాకింది. అలాటిదానికి ఏమొచ్చిపడిందంటే, ఆ వీధిలో పాకలన్నీ తీసేసి తొమ్మిదంతస్తుల మేడ కడతాం, పాకకో వాటా ఇస్తాం అన్నారంట మున్సిపాలిటీ వోళ్లు. మేడ బొమ్మ గీసి ఆఫీసు గోడకంటించి, ఎవరికేం తోస్తే అది సోమారం ఆఫీసు పైన హాల్లోకొచ్చి చెప్పుకోండన్నారంట. ఇంక చూసుకో, వీధంతా అదే మాట. ఒకడు గులాబీ రంగంటాడు, ఒకడు ఆకుపచ్చంటాడు, ఈశాన్యంలో మెట్లేంటని ఇంకొకాయన. ఆవిడ తమ్ముడు గవర్రాజైతే, అక్కా, పై అంతస్తే అడుగుదాం, గోదారి కనపడుద్దీ అని ఒకటే గొడవ. "గోదారి సరేరా, వెదురు ఎలాగెక్కుద్ది?" అందంట ఈవిడ. "ఎక్కుద్దిలేవే" అన్నాడు. ఎక్కుద్దిలే అంటే ఎక్కేసుద్దా, మీరే చెప్పండి! ఆవిడకి అన్నం సయించలేదు. వెళ్లి ఆ బొమ్మ ముందు నిలబడింది. చదువు లేదు కదా, ఏ గీత మెట్లో ఏ గీత గోడో తెల్లేదు, తిరిగొచ్చేసింది.

సోమారం అందరూ ఉతికిన బట్టలు కట్టుకెళ్లారు. ఈవిడ పదహారు మూరల వెదురొకటి భుజానేసుకుని వెనకాల బయల్దేరింది. "నవ్వుతారే అక్కా" అన్నాడు గవర్రాజు. "నవ్వనీరా, నాకు నోటితో చెప్పడం రాదు" అంది. హాలు పైన కదా, మెట్లెక్కింది. ఎనిమిది మెట్లెక్కేసరికి మలుపొచ్చింది. వెదురు ఒక కొస పైకప్పుకి, ఒక కొస కమ్మీకి తన్నేసింది. ఇలా లాగితే రాదు, అలా తోస్తే పోదు. పైనోళ్లు దిగలేరు, కిందోళ్లు ఎక్కలేరు. భోజనాల వేళయిపోయింది, ఒకటే కేకలు. ఆవిడ మాత్రం వెదురొదల్లేదు. బొమ్మ గీసిన ఇంజినీరు వచ్చి, కోసి పారెయ్యండన్నాడంట. "కోస్తే చేటలవుతాయి బాబూ, తడికవదు. మా వీధి కూడంతా తడికల మీదే. మీరు కట్టే మేడలో మెట్లు ఇంతకంటే ఎడల్పా?" అని అడిగిందనుకో. ఆయన జేబులోంచి టేపు తీసి మెట్టు కొలిచాడు, మలుపు కొలిచాడు, అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "ఆ మేడలో ఇంకో జానెడు తక్కువేనమ్మా" అన్నాడు. గవర్రాజే కిటికీ రెక్క ఊడదీయించి, నలుగుర్ని సాయంపట్టి, వెదురుని వీధిలోకి దింపాడు.

మేడ బొమ్మ మళ్లీ గీశారు. అడుగు అంతస్తుకి గోడల్లేకుండా, ఒట్టి స్తంభాల మీద వదిలేశారు, అల్లకానికి. బాగానే ఉంది గానీ, దానికి రెండేళ్లు ఆలస్యం. ఆ రెండేళ్లూ పాకల్లేక రేకుల షెడ్లలో మగ్గుతా, నీ వెదురు మూలానే కదే అని వీధోళ్లు ఆవిడ మొహం మీదే తిట్టారంట. అన్నీ పడింది. తల దించుకుని అల్లుకుంది. ఇప్పుడక్కడ పొద్దున్నే వెళ్లి చూడండి, వీధి వీధంతా కిందే కూర్చునుంటది, వెదురు చీల్చుకుంటా.

ఇదంతా నాకెలా తెలుసంటారా? మా మేనత్త కోడలు ఆ మేడలోనే ఉంటది, ఆవిడే చెప్పింది. ఆ తిట్టినోళ్లలో ఆవిడా ఉందంట, అది మాత్రం వేరేవోళ్లు చెబితే తెలిసింది.